కొవ్వూరు దగ్గర లావా చూడాలంటే మకాం ఇక్కడ

కొవ్వూరు నుంచి దేవరపల్లి వైపు వెళ్లే దారిలో, అరటి తోటలను ఆనుకుని ఉన్న ఈ చిన్న హోటల్లో కొన్నేళ్లుగా దిగుతున్నాను. ఇక్కడికి ఎక్కువగా వచ్చేది పెళ్లివారు, నిర్మలగిరి మేరీమాత గుడికి వెళ్లే యాత్రికులు. రాళ్లు చూడటానికి వచ్చే నాబోటివాళ్లు అరుదు. అయినా గోదావరి జిల్లాల్లో లావా చూడాలనుకునేవారికి ఇంతకంటే అనువైన బస నాకు తెలియదు.

గోదావరి జిల్లాల్లో లావా ఏమిటని మా రాజోలు వాళ్లే నవ్వుతారు. నవ్వరూ మరి! కోనసీమలో గునపం దించితే ఒండ్రుమట్టే గాని రాయి తగలదు. ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా కంకర గోదావరి దాటి రావాల్సిందే. ఆ కంకరనిచ్చే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల నల్లరాయి గడ్డకట్టిన లావాయే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు ఉబికిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఇక్కడిదాకా వచ్చిందని భూశాస్త్రవేత్తల అంచనా. ఇక్కడితో ఆగనూ లేదు. చమురు బావులు తవ్వినప్పుడు మా కొబ్బరితోటల కింద బాగా లోతున అదే రాయి తగిలింది. శాస్త్రవేత్తలు ఆ పొరకు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్.

ఇక హోటల్ సంగతి. ఈ తిరుగుడుకు టిఫిను వేళ చాలా ముఖ్యం. ఎండెక్కాక క్వారీలో నల్లరాయి పెనంలా కాలుతుంది, పదింటికల్లా పని ముగించుకోవాలి. ముందురోజు రాత్రి చెబితే వంటాయన ఆరింటికే ఇడ్లీ, అల్లం పచ్చడి సిద్ధం చేస్తారు. పెసరట్టు కావాలంటే మాత్రం ఏడు దాటేదాకా ఆగాలి. పులిహోర, పెరుగన్నం అరిటాకులో కట్టి ఇస్తారు. దానికి వేసే ధర మాత్రం కొంచెం దండిగానే ఉంటుంది.

అసలు మేలు యజమాని వల్ల. ఆయనకు క్వారీలవాళ్లతో పరిచయాలున్నాయి. ఫోను చేసి అనుమతి అడిగి, మందు పేల్చే వేళ కూడా కనుక్కుని చెబుతారు. "ఇవాళ మధ్యాహ్నం కాలుస్తారటండి, ఆలోపు వచ్చేయండి" అని ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తారు. ఈ సాయం లేకపోతే ఇది రోడ్డు పక్క ఉన్న మరో హోటల్, అంతే.

లోపల చూడాల్సింది క్వారీ గోడను. అడుగున నల్లటి లావా, దానిమీద లేత రంగు సున్నపురాతి పట్టీ, ఆపైన మళ్లీ లావా. పట్టీలోంచి రాలిన పెళ్లను తిప్పి చూస్తే ఆలిచిప్పల అంచులు, సన్నగా మెలితిరిగిన గుల్లలు తేలి ఉంటాయి. రెండు లావాల నడుమ ఇక్కడ సముద్రపు నీళ్లు ఆడాయన్నమాట. రాక్షసబల్లులు అంతరించిన కాలానికి కింది లావా ముందుదనీ, పైది తరువాతదనీ 2008లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. నల్లరాతి ముక్కల్లోనూ చూడాల్సినవి ఉన్నాయి. లావాలో చిక్కుకున్న వాయువుల బుడగలు చిన్న చిన్న గుంతలుగా మిగిలాయి, కొన్నింటిలో తెల్లటి స్ఫటికాలు పేరుకుని మెరుస్తాయి. గోడకు మరీ దగ్గరగా మాత్రం నిలబడకండి, పైనుంచి పెళ్లలు రాలుతుంటాయి.

తిరిగొచ్చేసరికి ఒళ్లంతా బూడిదరంగు దుమ్ము. పెరట్లో కుళాయి, బట్టలుతికే బండ, ఆరేసుకోవడానికి తీగ ఉన్నాయి. బూట్లతో లోపలికి రానివ్వరు, మంచి పద్ధతే. నాకు నచ్చనిది ఒకటుంది: గుల్లలున్న రాళ్లను కౌంటరు మీద పోగేసి పిల్లలకు జ్ఞాపకంగా ఇచ్చేస్తుంటారు. ఎక్కడ, ఏ పొరలో దొరికిందో రాసిపెట్టని రాయి కంకరతో సమానం. యజమానికి చెప్పి చూశాను, నవ్వి ఊరుకున్నారు.

ఇదే లావా కనిపించే, అవతలి గట్టున ఉన్న కాతేరుకు 2015లో తెరిచిన నాలుగో వంతెన మీదుగా తేలిగ్గా వెళ్లవచ్చు. పాత పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే పేరు కాతేరే అయినా, కళ్లారా చూడటానికి నా ఓటు గౌరీపట్నం వైపుకే.

రావడానికి డిసెంబరు, జనవరి మంచివి. పులస కోసం వానాకాలంలో వస్తే క్వారీ గుంతలనిండా నీళ్లు నిలిచి అడుగు పొర కనిపించదు. పులస ధర విన్నాక అదీ తినబుద్ధి కాదు. గది పెరటివైపుదే కావాలని గట్టిగా చెప్పండి, రోడ్డువైపు గదుల్లో రాత్రంతా కంకర లారీల మోత. నిర్మలగిరి ఉత్సవాలప్పుడైతే ఏ గదీ మిగలదు, బాగా ముందుగా ఫోను చేసుకోవాలి.