మనసు–శరీర సంబంధంపై పీజీ కోర్సా? ఫీజు కట్టేముందు ఇది చదవండి

మనసు, శరీరం ఒకదానిపై ఒకటి చూపే ప్రభావంపై ఆన్‌లైన్‌లో పీజీ చేయాలనుకునేవారు జాగ్రత్త. నేను చేరిన కోర్సు ప్రకటనలో సైకోన్యూరోఇమ్యునాలజీ (మనసు, నాడీవ్యవస్థ, రోగనిరోధక వ్యవస్థల మధ్య సంబంధాన్ని చదివే శాస్త్రం), పరిశోధనా పద్ధతులు, గణాంకశాస్త్రం, నిపుణుల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ అని ఘనంగా రాశారు. లోపల దొరికినవి పాత వీడియోలు, ఒక్కో వీడియో చివర నాలుగు బిట్ ప్రశ్నలు. గణాంకాల పాఠం ఎప్పుడు చూసినా ‘త్వరలో’ అనే కనిపించేది. సిద్ధాంత వ్యాసానికి గైడును ఇవ్వమని అడిగితే, పై స్థాయి ‘హీలర్’ కోర్సుకు విడిగా ఫీజు కట్టమన్నారు!

ఇదంతా ఒక ఎత్తు, చెప్పిన చదువు మరో ఎత్తు. 1975లో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగించి, వెంటనే రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఎక్కించారు. ఆ తర్వాత మందు లేకుండా శాకరిన్ మాత్రమే ఇచ్చినా వాటిలో యాంటీబాడీల ఉత్పత్తి తగ్గింది. అంటే ఆ రుచికీ మందు ప్రభావానికీ వాటి శరీరం ముడిపెట్టుకుంది. ఈ రంగానికి పునాది వేసిన ప్రయోగం ఇది. మా వీడియోలో మందు ఊసే లేదు. ఎలుకల ‘ప్రతికూల ఆలోచనలే’ వాటిని దెబ్బతీశాయట. ఎలుక మనసులో ఏముందో ఆ వక్తకు ఎవరు చెప్పారో మరి!

క్యాన్సర్ పాఠం చూశాక నవ్వు రాలేదు. రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలు బృంద చికిత్సలో పాల్గొంటే ఎక్కువ కాలం బతికారని డేవిడ్ స్పీగెల్ బృందం 1989లో ప్రచురించింది. ఇది పాఠంలో ఉంది. 2001లో వచ్చిన మరింత పెద్ద అధ్యయనంలో మనోవేదన, నొప్పి తగ్గాయి కానీ ఆయుష్షు పెరగలేదు. ఇది లేదు. పైగా ‘క్యాన్సర్ వ్యక్తిత్వం’ ఉంటుందంటూ, అంటే ఫలానా స్వభావం ఉన్నవారికే క్యాన్సర్ ఎక్కువగా వస్తుందంటూ, మనస్తత్వవేత్త ఐసెంక్, ఆయన సహ పరిశోధకుడు గ్రోసార్త్-మాటిచెక్ పత్రాలను ప్రమాణంగా చూపారు. వాళ్లిద్దరూ కలిసి రాసిన 26 పత్రాలు నమ్మదగినవి కావని కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ 2019లోనే తేల్చింది. ఇలాంటి పాఠాలు చదివి పట్టా పుచ్చుకున్నవారు రేపు ఒక రోగిని కూర్చోబెట్టి ‘కోపం లోపల దాచుకున్నందుకే మీకిది వచ్చింది’ అంటే ఆ మనిషి ఏమైపోవాలి?

అందుకే చేరకముందే పాఠ్యప్రణాళిక మొత్తం, చదవాల్సిన పరిశోధనా పత్రాల జాబితాతో సహా తెప్పించుకోండి. గైడుల పేర్లు అడిగి, వారు ఈ రంగంలో ఏం ప్రచురించారో వెతకండి. ఆ పట్టాతో రోగులను చూసే అర్హత వస్తుందా అన్నది మీ దేశపు నియంత్రణ సంస్థనే అడగండి, అమ్మేవారిని కాదు. ‘సర్టిఫికెట్’, ‘డిప్లొమా’, ‘మాస్టర్స్’ అనే మూడు మాటలనూ ఒకే పేజీలో కలగాపులగంగా వాడితే అనుమానించండి. వాపసు షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మా దగ్గర మొదటి వీడియో తెరిచిన క్షణమే ఆ హక్కు పోయింది.

ప్రకటన పేజీని తేదీతో సహా భద్రపరచుకోండి. నేను ఫిర్యాదు పంపాక అక్కడ క్లినికల్ శిక్షణ అన్న వాక్యం మాయమైంది. నా దగ్గరున్న పాత ప్రతిని డబ్బు చెల్లించిన బ్యాంకుకు పంపాను. వాళ్ల విచారణ ఇంకా నడుస్తోంది.