నాన్నగారి తలకు రేడియేషన్: హైదరాబాద్‌లో మాకు అందిన సేవపై సమీక్ష

మా నాన్నగారి ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకిందని, చిన్నవీ పెద్దవీ కలిపి పదికి పైగా గడ్డలు ఉన్నాయని గత సంవత్సరం ఎం.ఆర్.ఐ.లో తేలింది. ఆయన ఖమ్మం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా సర్వేయరుగా పనిచేశారు. ఏ ఊళ్లో ఏ సర్వే నంబరు ఎవరిదో, దాని హద్దురాయి ఎక్కడ ఉండేదో కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి. అందుకే తలకు ‘కరెంటు పెట్టాలి’ అని డాక్టర్లు అన్నప్పుడు మా అందరికీ ముందుగా కలిగిన భయం ఆయన జ్ఞాపకశక్తి గురించే. మొదట వెళ్లిన ఆసుపత్రిలో తల మొత్తానికీ ఐదు సిటింగులు ఇస్తామన్నారు తప్ప, జ్ఞాపకశక్తిని కాపాడే పద్ధతి ఒకటి ఉందన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆ మాట మేము విన్నది రెండో అభిప్రాయం కోసం వెళ్లిన మరో ప్రైవేటు ఆసుపత్రిలో. చికిత్స అక్కడే చేయించాం, ఈ సమీక్ష కూడా అక్కడి సేవ గురించే.

అక్కడి రేడియేషన్ డాక్టరుగారు మాకు చెప్పింది ఇది. మెదడులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగాలు ఉంటాయి, కొత్త విషయాలను గుర్తుపెట్టుకోవడానికి అవి ఆధారం. అక్కడ ఉండే మూలకణాలు రేడియేషన్‌కు త్వరగా దెబ్బతింటాయి. క్యాన్సర్ మెదడుకు పాకినవారిలో గడ్డలు సరిగ్గా ఆ చోటే ఏర్పడడం అరుదు కనుక, మిగిలిన మెదడుకు పూర్తి మోతాదు ఇస్తూ ఆ రెండింటినీ, వాటి చుట్టూ మరో 5 మిల్లీమీటర్ల మేర చోటునూ తప్పించవచ్చు. నాన్నగారికి నిర్ణయించింది 10 సిటింగులలో మొత్తం 30 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మోతాదు. హిప్పోక్యాంపస్‌లో మాత్రం ఏ బిందువుకూ 16 గ్రేలు దాటకూడదన్నది వారు పెట్టుకున్న హద్దు.

నా దృష్టిలో మేము డబ్బు కట్టింది యంత్రం కింద పడుకున్న ఆ పది రోజులకు కాదు, అంతకు ముందు జరిగిన పనికి. వేడినీటిలో మెత్తబడిన ప్లాస్టిక్ వల షీటును ముఖం మీద పరిచి, అది గట్టిపడేదాకా పక్కనే నిలబడి మాట్లాడుతూ మాస్కు తయారుచేశారు. ఇరుకుగా ఉంటే భయపడే అలవాటున్న నాన్నగారికి, చెయ్యి ఎత్తితే వెంటనే ఆపేస్తామని టెక్నీషియన్ రెండుసార్లు చెప్పడం ఎంతో ధైర్యాన్నిచ్చింది. ఆ మాస్కుతోనే సీటీ స్కాన్ తీసి, సీటీలో హిప్పోక్యాంపస్ స్పష్టంగా కనిపించదు కనుక పలుచని పొరలుగా తీసిన ఎం.ఆర్.ఐ.ని దానిపై సరిపోల్చి, ఒక్కొక్క పొరలో దాని అంచును డాక్టరుగారు స్వయంగా గీశారు. ప్లాను సిద్ధం కావడానికి నాలుగు పనిదినాలు పట్టింది.

ప్లాను పూర్తయ్యాక, రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మోతాదు ఎక్కడ ఎంత పడుతుందో రంగు గీతలలో చూపించారు. నాన్నగారు కాసేపు నిశితంగా చూసి, ‘ఇది మా టిప్పన్ లాంటిదే కదండీ, హద్దు ఒక్క గీత జరిగితే పక్కవాడి భూమి పోతుంది’ అన్నారు. టిప్పన్ అంటే సర్వే నంబరు హద్దులను కొలతలతో గీసిన పటమని ఆ ఫిజిసిస్టుకు తెలియదు. నాన్నగారు వివరంగా చెబితే శ్రద్ధగా విన్నారు, ఆ తరువాత హద్దు ఎక్కడ బిగువుగా ఉందో, ఎక్కడ కొంత వదులుకోవలసి వచ్చిందో దాచకుండా చూపించారు. ఆ ఇరవై నిమిషాలకు నేను ఎంతో విలువ ఇస్తాను.

సిటింగుల గురించి చెప్పవలసింది తక్కువే. ప్రతిరోజూ ముందు చిన్న స్కాన్‌తో తల స్థానం సరిచూసి, అవసరమైతే బల్లను జరిపి, తరువాతే రేడియేషన్ ఇచ్చేవారు. జుట్టు రాలడం, నీరసం, నిద్రమత్తు వారు ముందే చెప్పినట్టు వచ్చాయి. జ్ఞాపకశక్తికి తోడ్పడే మెమాంటిన్ మాత్రలు మొదలుపెట్టారు. ముందు చెప్పిన మొత్తమే చివరికి బిల్లులో ఉంది.

లోపాలు లేకపోలేదు. జ్ఞాపకశక్తిని కాపాడడమే ఉద్దేశమైనప్పుడు చికిత్సకు ముందే దానిని కొలిచి ఉంచాలి కదా, కాని మేము అడిగేదాకా ఆ పరీక్ష మాటే రాలేదు. అడిగిన తరువాత కూడా, విని గుర్తుపెట్టుకుని చెప్పవలసిన పదాల పట్టిక ఇంగ్లీషులోనే ఉండడంతో, సైకాలజిస్టు అప్పటికప్పుడు తెలుగు మాటలు ఎంచుకోవలసి వచ్చింది. తెలుగు తప్ప మరో భాష అంతగా రాని రోగులు రోజూ వచ్చే చోట ఇది సరైన పద్ధతి కాదు. అంగీకార పత్రం కూడా ఇంగ్లీషులోనే ఉంది. పదకొండు గంటలకు రమ్మని ఒంటిగంటకు పిలిచిన రోజులు మూడు ఉన్నాయి, నీరసంతో ఉన్న మనిషిని ఇనుప కుర్చీలో రెండు గంటలు కూర్చోబెట్టడం నాకు బాధ కలిగించింది.

ఈ పద్ధతి అందరికీ తగినది కాదని డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. గడ్డలు కొద్దిగా ఉంటే వాటికి మాత్రమే గురిపెట్టే స్టీరియోటాక్టిక్ చికిత్స మేలట. గడ్డ హిప్పోక్యాంపస్‌కు ఆనుకుని ఉంటే దానిని తప్పించడం కుదరదు, లక్షణాలు తీవ్రంగా ఉన్నవారు ప్లాను కోసం రోజుల తరబడి ఆగలేరు. మొదటి ఆసుపత్రిపై నా ఫిర్యాదు ఐదు సిటింగులు చెప్పినందుకు కాదు, మరో దారి ఉందని చెప్పనందుకు. 518 మంది రోగులతో జరిగి 2020లో ప్రచురితమైన అధ్యయనంలో, ఇలా తప్పించి ఇచ్చినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి దెబ్బతినే ముప్పు దాదాపు నాలుగోవంతు తగ్గింది. ఆయుర్దాయంలో మాత్రం తేడా కనిపించలేదు. ఈ రెండు మాటలనూ డాక్టరుగారు కలిపే చెప్పారు, నాకు వారిపై నమ్మకం కుదిరింది అక్కడే.

నాలుగు నెలల తరువాత అదే సైకాలజిస్టు పరీక్షను మళ్లీ పెట్టారు. మొదటిసారి పన్నెండింటిలో తొమ్మిది మాటలు గుర్తున్న నాన్నగారు ఈసారి ఎనిమిది చెప్పారు. మొదటి ఫలితం కాగితం మీద లేకపోతే ఆ ఎనిమిదిని దేనితో పోల్చుకోవాలో మాకు తెలిసేది కాదు. అక్కడికి వెళ్లేవారు మాస్కు రోజుకు ముందే ఆ పరీక్షను అడిగి చేయించుకుని, ప్లాను ముద్రిత ప్రతితో పాటు ఫలితాన్ని కూడా ఫైల్లో పెట్టుకోవాలని కోరుతున్నాను.