నాలుగడుగుల ట్యాంకు వేడి, ఇంట్లో ఉక్క: నెల్లూరులో మూడేళ్ల వాడకం తర్వాత

ట్యాంకు 4×2×2 అడుగులు, నీళ్లు సుమారు 400 లీటర్లు, చేపలు ఏంజెల్స్. నెల్లూరులో దీనికి రెండు చిక్కులు. మే నెలలో నీళ్లు కాగిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు గోడలు చెమ్మగిల్లుతాయి. మొదటిదానికి చేసే వైద్యమే రెండోదాన్ని పెంచుతుంది. అందుకే ఏడాది పొడవునా ఒకటే అమరిక పనికిరాదు.

పెట్టిన డబ్బుకు బాగా పనిచేసినవి 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, వాటికి ఒక ఆంపియరు అడాప్టరు ఒకటి, ఎస్‌టీసీ-1000 కంట్రోలరు (నీటి వేడిని బట్టి ఫ్యాన్లను వేసి ఆపే పరికరం). ఫ్యాన్లను ట్యాంకు ఒక చివర ఏటవాలుగా బిగించాలి, గాలి నీటి మీదుగా జారుతూ రెండో చివరికి పోవాలి. కంట్రోలర్లో 28, తేడా 1 పెడితే 29 దగ్గర ఫ్యాన్లు తిరుగుతాయి, 28కి ఆగుతాయి. ఒక లీటరు ఆవిరైతే, కరెంటు లెక్కలో దాదాపు 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. అంటే 400 లీటర్లు సుమారు ఒకటిన్నర డిగ్రీ చల్లబడినట్టే. ఫ్యాన్లు రెండూ కలిపి తినే కరెంటు ఐదారు వాట్లే.

ఎంత దాకా చల్లబడుతుందో ముందే తెలుసుకోవచ్చు. థర్మామీటరు గుబ్బకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను ముందు పది నిమిషాలు పట్టుకోండి. అది చూపే అంకె కంటే ట్యాంకు నీళ్లు కిందికి దిగవు. పడమటి గాలి వీచే మధ్యాహ్నం 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉంటే ఆ అంకె 24, 25 మధ్య ఉంటుంది. సముద్రపు గాలి తిరిగి 35 డిగ్రీలు, 65 శాతం తేమ అయ్యేసరికి 29కి చేరుతుంది. ఫ్యాను చెడిపోయిందని మార్చేవాళ్లున్నారు. ఫ్యాను బాగానే ఉంది, తేమ నిండిన ఆ గాలి నీటిని అంతగా పీల్చుకోలేదు, అంతే.

ఈ కొలత ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు దిగితే ఏడు లీటర్లకు పైగా ఇంటి గాలిలో కలిసినట్టు. పక్క గాజుకు స్కేలు అంటించి రోజూ చూడండి. తగ్గిన నీటి బదులు బోరునీళ్లు పోయొద్దు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే మిగులుతుంది. గాజు అంచున గీత గీసినట్టు పేరుకునే తెల్లటి పక్కు అదే. ఆర్వో నీళ్లు పోయాలి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం వద్దు, కాయిల్ రాగి అందులో దిగితే రొయ్యలు, నత్తలు చస్తాయి.

గదికి ఎనిమిది అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను పైకప్పు దగ్గర ఉండాలి, ఎదురుగా తలుపు కిందో కిటికీలోనో గాలి వచ్చే దారీ ఉండాలి. దారి లేకపోతే చప్పుడే తప్ప తేమ బయటికి పోదు.

ముసురులో ఫ్యాన్లు ఆపి ఐదు మిల్లీమీటర్ల గాజు మూత వేయాలి. యాక్రిలిక్ మూత కింది వైపు తడి పీల్చి నెల తిరక్కముందే విల్లులా వంగుతుంది. మూతకు ఒక చివర రెండు వేళ్ల సందు వదిలి, లోపలికి కాస్త వాలు ఇస్తే చుక్కలు ట్యాంకులోనే పడతాయి. గోడకు నాలుగంగుళాల ఎడం ఉండాలి, లేదంటే వెనక నల్లబూజు పడుతుంది. మామూలు ప్లైవుడ్ స్టాండు ఉబ్బిపోతుంది, ఇనుపదే మేలు. ప్రతి వైరూ ప్లగ్గుకు ముందు ఒక వంపు కిందికి వేలాడాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క అక్కడే రాలిపోతుంది, సాకెట్‌లోకి పోదు.

చిల్లర్ (ఫ్రిజ్‌లా నీటిని చల్లబరిచే యంత్రం) గురించి నా మాట సూటిగానే ఉంటుంది. నీటి నుంచి లాగిన వేడినీ, తను తిన్న కరెంటునూ కలిపి గదిలోకే వదులుతుంది. మూసిన హాల్లో పెడితే అది చల్లబరుస్తూనే మళ్లీ కాస్తుంది. వరండాలో పెట్టి పైపులు లోపలికి తీసుకుంటేనే అర్థం ఉంది. అదీ 26 దాటితే ఓర్చలేని రొయ్యలు పెంచేవాళ్లకే. డిస్కస్ చేప 29, 30 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది, దానికి చిల్లర్ దండగ. అంతకంటే ముందు నీళ్లు తిప్పే పంపు చూడండి, అది తినే కరెంటూ వేడిగానే మారుతుంది. 60 వాట్ల పంపు తీసి 25 వాట్ల డీసీ పంపు వేస్తే రోజుకు 0.84 యూనిట్ల వేడి తగ్గుతుంది. లీటరుంపావు నీళ్లు ఆవిరి చేసిన దానికి సమానం!

లోపాలూ ఉన్నాయి. ఆవిరి తగిలి ఫ్యాను బేరింగు ఏడాదికల్లా గరగరమంటుంది, ఒకటి అదనంగా కొని పెట్టుకోవాలి. 32 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాన్ల కంటే ముందు బ్యాటరీ ఎయిర్ పంపు ఆన్ చేయండి.