లిట్‌చార్ట్స్: రంగు థీమ్‌ను చూపిస్తుంది, వాక్యం మనమే రాయాలి

ఎం.ఏ. ఇంగ్లీష్ విద్యార్థులకు, యూజీసీ నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష)కు చదివేవాళ్లకు లిట్‌చార్ట్స్ అనే వెబ్‌సైట్ నిజంగా పనికొచ్చే సాహిత్య గైడ్. ఇలాంటిదే మరో గైడ్ సైట్ అయిన స్పార్క్‌నోట్స్ తొలినాళ్ల సంపాదకులే దీన్ని తయారుచేశారు. దీని బలమంతా రంగుల్లో ఉంది. షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’నే తీసుకుంటే అధికార కాంక్ష, విధి, హింస, ప్రకృతి విరుద్ధం, మగతనం అని ఐదు థీములు, తలా ఒక రంగు. ప్రతి సీను సారాంశం పక్కన విశ్లేషణ, అందులో నడిచే థీముల రంగు గుర్తులు ఉంటాయి.

మగతనం రంగు పట్టుకుని వెళ్లండి. మొదటి అంకం ఏడో సీనులో లేడీ మాక్‌బెత్ భర్తను రాజు డంకన్ హత్యకు పురిగొల్పేది ఈ మాటతోనే: చేయడానికి తెగించినప్పుడే నువ్వు మగాడివి. మూడో అంకం మొదట్లో మాక్‌బెత్ అదే ఎత్తు కిరాయి హంతకుల మీద వేస్తాడు. నాలుగో అంకం మూడో సీనులో, ఆలుబిడ్డలు హతమయ్యారని విన్న మాక్‌డఫ్ అనే ప్రభువును, డంకన్ కొడుకు మాల్కమ్ మగాడిలా ఎదుర్కోమంటాడు. అలాగే చేస్తాను, కానీ మగాడిలా బాధపడాలి కూడా అంటాడు మాక్‌డఫ్. మాట అర్థమే అక్కడ తిరిగింది. గుర్తు రంగు మాత్రం మారదు. రంగు చూపలేనిది ఈ మలుపే.

మార్కులు పోయేది కూడా ఇక్కడే. ‘మగతనం ఒక థీమ్’ అని రాస్తే పేరు చెప్పినట్టే, వివరించినట్టు కాదు. మన విమర్శలో వస్తువు (రచన దేని గురించో) వేరు, దృక్పథం (దాని గురించి ఏమంటోందో) వేరు; థీమ్ అన్న ఒక్క మాట రెండింటినీ మోయడంతో తికమక వస్తుంది. ‘చంపగలగడమే మగతనమని నమ్మి మాక్‌బెత్ నాశనమయ్యాడు; మాక్‌డఫ్ అందులోకి దుఃఖాన్ని కూడా చేర్చాడు’ అంటే వాదన మొదలైనట్టు.

ఆ వాక్యాన్ని అడ్డొచ్చే సీనుతో తప్పక పరీక్షించాలి. చివరి అంకంలో మాల్కమ్ పక్షాన పోరాడే ముసలి సేనాని సివర్డ్, యుద్ధంలో చనిపోయిన కొడుక్కి గాయాలు ముందువైపే తగిలాయని, అంటే వెన్ను చూపలేదని తెలిసి తృప్తిపడతాడు. ఇంకా దుఃఖించాలన్న మాల్కమ్ మాటను ఒప్పుకోడు. అంటే పాత నిర్వచనం చావలేదు. కాబట్టి నాటకం దాన్ని ‘తిరస్కరించింది’ అనకూడదు, ‘ప్రశ్నించింది’ అనాలి.

డబ్బు సంగతి: కొటేషన్ల వివరణలు, పీడీఎఫ్‌లు ‘A+’ అనే చందా కట్టినవాళ్లకే. పరీక్షకు అవి లేకపోయినా నష్టం లేదు. థీమ్ పేజీలు, సీన్ల విశ్లేషణ చాలు.

నాటకం చదవకముందు మాత్రం దీన్ని తెరవొద్దు. కళ్లు ఆ ఐదు రంగులకే అలవాటుపడిపోతాయి. ముందు మూలం చదువుతూ పదేపదే వచ్చే మాటల కింద పెన్సిల్ గీత పెట్టండి. అప్పుడు ‘నిద్ర’ మీకే దొరుకుతుంది: రెండో అంకం రెండో సీనులో మాక్‌బెత్ నిద్రను హత్యచేశాడన్న కేక, మూడో అంకంలో నీకు నిద్ర కరువైందన్న భార్య మాట, ఐదో అంకం మొదట్లో ఆమే నిద్రలో నడవడం. ఆ ఐదు థీముల్లో దీనికంటూ రంగు లేదు.