పేరుపాలెం కెరటాల మీద ఆరేళ్ళు: నేను చేసుకున్న 9 అడుగుల 4 అంగుళాల లాంగ్‌బోర్డ్

ఈ సర్ఫింగ్ బోర్డు, అంటే కెరటాల మీద నిలబడి జారే పొడవాటి పలక, మొదటిసారి నీళ్ళు తాకింది 2020 కనుమ నాడు. కనుమ రోజు కాకి కూడా కదలదని పెద్దమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. అయినా నర్సాపురం నుంచి పేరుపాలెం తీసుకెళ్ళాను. ఆ రోజు మోకాలెత్తు కెరటాలే. మూడోదాని మీద లేచి నిలబడ్డాను, అది నన్ను ఒడ్డు దాకా మోసుకొచ్చింది. అప్పటి నుంచి సముద్రానికి వెళ్ళిన ప్రతిసారీ నోటుబుక్కులో తేదీ వేసుకుంటున్నాను. లెక్క 430 దాటింది.

ముందే చెప్పేస్తాను. బోర్డు అడుగు వైపు, ఫిన్ (తోక కింద చుక్కానిలా ఉండే రెక్క) బిగించే పెట్టె పక్కన ఒక్కటి తప్ప, ఇవాళ్టిదాకా మరమ్మతు లేదు. పైవైపు పదకొండు అతుకులున్నాయి. రెండూ ఈ చేతులతోనే, ఒకే రకం గాజుగుడ్డతో, ఒకే డబ్బాలోని రెజిన్‌తో (గుడ్డను తడిపి గట్టిపడే జిగురు) చేసినవి. తేడా ఎక్కడొచ్చిందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నేను సర్ఫింగ్ నేర్చుకున్నది విశాఖలో. అక్కడ నేను దిగిన చోట అల ఒడ్డు దగ్గరికొచ్చి ఒక్కసారి నిలువుగా లేచి పడేది. మన వైపు అలా కాదు. గోదారి ఏళ్ళ తరబడి తెచ్చిపోసిన ఒండ్రు, ఇసుకతో అడుగు పల్చగా వాలి ఉంటుంది. ఒడ్డు నుంచి చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు. కెరటం దూరంగానే విరిగి, నురగ కక్కుకుంటూ తాపీగా వస్తుంది. తోపు తక్కువ, బారు ఎక్కువ. అలాంటి కెరటం మీద పొట్టి బోర్డు మునిగి ఆగిపోతుంది. పొడవు, వెడల్పు ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి. అందుకని ముందు రెండు నెలలు బోర్డు ఊసే ఎత్తకుండా గట్టు మీద కూర్చుని చూశాను. కెరటం ఎక్కడ విరుగుతోంది, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎన్ని సెకన్లు, పోటులో ఎలా ఉంది, పాటులో ఎలా ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే ఈ బోర్డుకు నేను పెట్టిన ఖరీదైన పెట్టుబడి ఆ రెండు నెలలే. మిగతాదంతా కలిపి 22 వేల రూపాయల్లో అయిపోయింది.

గీత గీయడానికి కంప్యూటర్ వాడలేదు. హార్డ్‌బోర్డు మీద మధ్యగీత గీసి, ముక్కు దగ్గర, నడుము దగ్గర, తోక దగ్గర వెడల్పులు కొలిచి మేకులు కొట్టాను. సన్నగా చీల్చిన వెదురు బద్దను ఆ మేకుల వెంట వంచితే అది తన వంపు తనే వెతుక్కుంది. ఎక్కడైనా మేకు తప్పు చోట ఉంటే బద్ద అక్కడ పొడుచుకొచ్చేది, కంటికి వెంటనే తెలిసేది. ఒక పక్కకే అచ్చు కోసి, దాన్నే తిరగేసి రెండో పక్కకు వాడాలి. రెండు పక్కలూ విడివిడిగా గీస్తే ఎంత చెయ్యి తిరిగినవాడికైనా సమానంగా రావు.

లోపలి సరుకు థర్మాకోలు. చేపల పెట్టెలకు వాడే నాసిరకం కాదు, ఘనపు మీటరుకు 24 కిలోలుండే గట్టి దిమ్మ. గోరుతో నొక్కితే గింజలు రాలకూడదు. బోర్డులకు మామూలుగా వాడే పాలీయురేథేన్ దిమ్మలు మనకు దొరకవు. అమెరికాలోనూ చాలాకాలం ఆ దిమ్మల్లో ఎక్కువ భాగం క్లార్క్ ఫోమ్ అనే ఒక్క కంపెనీయే పోసేది. 2005 డిసెంబరులో అది ఉన్నట్టుండి మూతపడింది. ఆ తర్వాతే థర్మాకోలు, ఎపాక్సీ అనే రకం రెజిన్ జోడీ వైపు చాలామంది మళ్ళారు. నాబోటివాళ్ళకు ఊళ్ళో దొరికే సరుకుతో బోర్డు చేసుకునే దారి అలా కాస్త సులువైంది.

ఎపాక్సీయే ఎందుకో నాకు నేర్పింది ఫైబర్ బోట్లు చేసే బాబాయ్. చెప్పడం కాదు, చూపించాడు. పడవలకు వాడే పాలియెస్టర్ రెజిన్ ఒక చెంచాడు థర్మాకోలు ముక్క మీద పోశాడు. వేడి అన్నంలో నెయ్యి ముద్ద దిగినట్టు ముక్క లోపలికి కుంగిపోయింది, ఒక్క నిమిషంలో అక్కడ గుంట మిగిలింది. "చూశావుగా అబ్బాయ్, మన పడవ రెజిన్ దీనికి పనికిరాదు. ఎపాక్సీ తెప్పించుకో" అన్నాడు. ఆ ముక్క ఇప్పటికీ షెడ్డులో మేకుకు వేలాడుతోంది.

దిమ్మను పొడవునా రెండుగా కోసి మధ్యలో ప్లైవుడ్ బద్ద పెట్టి అతికించాను. అదే వెన్నెముక. తర్వాత ముక్కు, తోక పైకి లేచే వంపు కోయాలి. దాన్ని రాకర్ అంటారు. ఆ వంపును రెండు ప్లైవుడ్ అచ్చులుగా కోసి దిమ్మకు రెండు పక్కలా బిగించి, వేడెక్కిన నైక్రోమ్ తీగను వాటి మీదుగా లాగాలి. ఒక చివర నేను, ఒక చివర బాబాయ్. ఇద్దరూ ఒకే వేగంతో నడవాలి, ఎవరూ ఆగకూడదు. తోకకు రెండడుగుల ఇవతల నా వైపు తీగ అచ్చుకు తట్టుకుంది, రెండు సెకన్లు ఆగాను. ఆ రెండు సెకన్లలో తీగ దిమ్మను తినేసింది. ఆ గాడి పోయేదాకా చుట్టూ అరగదీయాల్సి వచ్చింది. దాంతో తోక వంపు నేను అనుకున్న 3 అంగుళాలకు బదులు 2 అంగుళాల చిల్లరకే ఆగిపోయింది. దీని ఫలితం ఆరేళ్ళుగా ప్రతి మలుపులోనూ నా కాళ్ళకు తెలుస్తూనే ఉంది.

చెక్కడం గురించి ఎక్కువ చెప్పను. ముతక ఆకురాయి, తర్వాత ఎమరీ పేపరు, పక్క నుంచి వెలుతురు పడేలా ట్యూబ్‌లైటు, ఓపిక. ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. చెక్కే చోట చుట్టూ దోమతెర కట్టండి. థర్మాకోలు గింజలు గాలికి లేచి పంటకాలవలో పడితే చేపల పొట్టల్లోకే పోతాయి. రోజూ పని అయ్యాక ఊడ్చి సంచీకెత్తేవాణ్ణి.

ఇక గాజుగుడ్డ. చదరపు మీటరుకు 200 గ్రాముల నేత. కత్తిరించడానికి పెద్దమ్మ సాయం చేసింది. నలభై ఏళ్ళు లేసు అల్లిన చెయ్యి. నేను గుడ్డను లాగి సర్దుతుంటే నా చేతి మీద ఒకటేసింది. "లాగకురా! పోగు పక్కకు జరిగిందంటే మళ్ళీ కుదురుకోదు. ఎత్తి పరువు" అంది. చీర ఆరేసినట్టు ఇద్దరం రెండు కొసలూ పట్టుకుని ఎత్తి, దిమ్మ మీదికి దించాం. ముక్కు దగ్గర, తోక దగ్గర గుడ్డ ముడతలు పడే చోట చిన్నచిన్న గాట్లు పెట్టి, జాకెట్టు మెడ తిప్పినట్టు మడత తిప్పింది. ఆ మడతలు ఇవాళ్టికీ ఎక్కడా లేవలేదు.

అడుగు వైపు రెజిన్ పోసింది సాయంత్రం అయిదింటికి, డిసెంబరు నెలలో. మగ్గులో ఉంచితే రెజిన్ తనంతట తనే వేడెక్కి పొగలు కక్కుతుంది కాబట్టి కలిపిన వెంటనే గుడ్డ మీద పోసేసి, రబ్బరు బద్దతో నిదానంగా లాగాను. చీకటి పడ్డాక చూస్తే అద్దంలా ఉంది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికే పైవైపు మొదలుపెట్టాను. సంక్రాంతికి నీళ్ళలో దించాలన్న ఆత్రం. అక్కడే దెబ్బతిన్నాను. థర్మాకోలు గింజల మధ్య గాలి ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ ఆ గాలి వ్యాకోచించి, ఇంకా గట్టిపడని రెజిన్‌లోంచి బుడగలుగా పైకి తన్నుకొస్తుంది. సాయంత్రమైతే దిమ్మ చల్లబడుతూ గాలి ముడుచుకుంటుంది, రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. అడుగు వైపు అద్దంలా రావడానికి నా పనితనం ఎంతో, ఆ సాయంత్రపు చల్లదనమూ అంతే. పైవైపు సూదిమొన బెజ్జాలు వందల్లో లేచాయి. దానికితోడు పైన రెండు పొరలు వేయాల్సింది ఒకే పొర వేసి, నిలబడే చోట మాత్రం ఒక ముక్క అదనంగా వేశాను. బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గిందల్లా ఓ అరకిలో.

ఇంకో సంగతి. మన గాలిలో తేమ వల్ల గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డుపొర తేలుతుంది. దాన్ని నీళ్ళతో, స్క్రబ్బరుతో కడగకుండా రెండో పూత వేస్తే అది పెచ్చులుగా ఊడుతుంది. ఎమరీ పేపరు ముందు కాదు, కడుగుడు ముందు.

పూర్తయిన రోజు బరువు 8 కిలోల 200 గ్రాములు. ఇప్పుడు 8 కిలోల 900. పెరిగిన బరువులో అతుకులు కొంత, లోపలికి చేరిన నీళ్ళు కొంత. మొదటి వేసవికే మడమలు ఆనే చోట గుంటలు పడ్డాయి. రెండో ఏడు ఆ గుంటల్లో పగుళ్ళొచ్చి ఉప్పునీళ్ళు దిగాయి. థర్మాకోలు నీళ్ళు తాగదంటారు గానీ గింజల సందుల్లోంచి పాకుతాయి, ఓ పట్టాన బయటికి రావు. మూడో ఏడు ఫిన్ బిగించే పెట్టె పక్కన పగిలితే, బాబాయ్ ఊళ్ళో లేడని ఆత్రపడి వేరే షెడ్డులో ఇచ్చాను. థర్మాకోలని చెప్పాను, ఎపాక్సీయే వాడమన్నాను. పడవ రెజినే పూశారు. నిమ్మకాయంత బొయ్యారం పడింది. దాన్ని తవ్వి శుభ్రం చేసి, థర్మాకోలు బిళ్ళ దిగ్గొట్టి, ఎపాక్సీతో మూసేసరికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు రెజిన్ డబ్బా నేనే తీసుకెళ్తాను, పని అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను.

ఇక నీళ్ళలో దీని నడత. కెరటాన్ని అందుకోవడంలో నేను ఎక్కిన ఏ బోర్డూ దీనికి సాటిరాలేదు. నా బరువు 74 కిలోలు. నడుమెత్తు కెరటం ఇంకా విరగక ముందే, చేతులు నాలుగైదు సార్లు ఆడిస్తే చాలు, కిందనుంచి ఎవరో ఎత్తినట్టు తేలుతుంది. తోక చదునుగా ఉండటం ఇక్కడ మేలే చేసింది. కానీ తిప్పాలంటే రెండడుగులు వెనక్కి నడిచి తోక మీద పూర్తిగా బరువు వేయాలి, అప్పటికీ బద్ధకంగానే తిరుగుతుంది. రొమ్మెత్తు దాటిన కెరటాల మీద ఇది ఇబ్బంది. అలాంటి రోజులు మనకు ఏడాదికి ఎన్ని? నా నోటుబుక్కులో సగటున పది. ముక్కు వైపు నడిచి చివర నిలబడటం మాత్రం దీని మీద హాయి. ముక్కు వెడల్పు 18 అంగుళాలు ఉంచినందుకు రోజూ సంతోషిస్తాను.

మే నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం నుంచి బారు కెరటాలొస్తాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 12, 13 సెకన్లు ఉంటుంది. తెల్లవారుజామున గాలి లేవకముందు, పోటు సగంలో ఉండగా దిగితే ఈ బోర్డుకు అదే స్వర్గం. అక్టోబరు తర్వాత ఈశాన్యపు గాలికి నీళ్ళు చిందరవందరగా ఉంటాయి. వాయుగుండం కబురు వస్తే షెడ్డులోంచి తీయను. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను తర్వాత పది రోజులు తీయలేదు. వరదలప్పుడు ఎర్రనీళ్ళతో పాటు గుర్రపుడెక్క కొట్టుకొస్తుంది. నిటారుగా ఉండే ఫిన్‌కు అది చుట్టుకుని బోర్డు ఉన్నపళంగా ఆగిపోతుంది. అందుకే వెనక్కి బాగా వాలిన 9 అంగుళాల ఫిన్‌కు మారాను, డెక్క జారిపోతోంది. టామ్ బ్లేక్ 1935లో మొదటిసారి బోర్డుకు ఫిన్ బిగించకముందు కాలు నీళ్ళలో ఈడ్చి దారి మార్చుకునేవారట. ఫిన్ విప్పేసి ఒకరోజు ప్రయత్నించాను. ఆయన మీద గౌరవం పెరిగింది.

అంతర్వేదిలో గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ దగ్గర దీన్ని ఎప్పుడూ దించను. సఖినేటిపల్లి పంటు మీద తీసుకెళ్ళి బీచ్ వైపు రెండు మూడు సార్లు వాడాను, అంతే. పాటు సమయంలో వశిష్ఠ లాగుడు ముందు 9 అడుగుల బోర్డూ గడ్డిపోచే. పేరుపాలెంలోనూ ఇసుక దిబ్బల మధ్య లోతు పాయలుంటాయి, నీళ్ళు వాటిలోంచే లోపలికి లాగుతాయి. లీష్, అంటే బోర్డును కాలికి కట్టే తాడు, కట్టుకోకుండా దిగకండి. ఆదివారాల్లో స్నానాలవాళ్ళు ఎక్కువ, వదిలేసిన లాంగ్‌బోర్డు పిల్లల తలలకు తగిలితే చాలా ప్రమాదం. జాలర్లు అలివి వల లాగుతున్నప్పుడు వాళ్ళ పని అయ్యేదాకా ఆగడం మన ధర్మం. ఆ తీరం ముందు వాళ్ళది.

ఎండ దీనికి శత్రువు. కారు మీద మధ్యాహ్నం వదిలేస్తే లోపల గాలి ఉబ్బి గుడ్డ దిమ్మను వదిలేస్తుంది. తెల్లరంగే ఉంచాను, తడిపిన పాత పంచె కప్పుతాను. కాలు జారకుండా బోర్డు మీద రుద్దే మైనం, కొని తెప్పించేది అయిపోతే, తేనెమైనం, పారాఫిన్, కాస్త కొబ్బరినూనె కలిపి కాచి పోసుకుంటున్నాను. మన ఎండలకు కొబ్బరినూనె పాలు తగ్గించాలి, లేదంటే కాలు జారుతుంది.

కొలతలు అడిగేవాళ్ళ కోసం: పొడవు 9 అడుగుల 4 అంగుళాలు, మిగతావన్నీ అంగుళాల్లో, నడుము వెడల్పు 22¾, మందం 3, ముక్కు నుంచి అడుగు దూరంలో 18, తోక నుంచి అడుగు దూరంలో 14½, ముక్కు రాకర్ 4½. తోక రాకర్ నాలా రెండు చిల్లరకు వదలకండి, 3¼ పెట్టండి. రెండో బోర్డుకు అచ్చు అలాగే కోశాను. పైవైపు రెండు పొరల గుడ్డ పెద్దమ్మ కత్తిరించి చాపలా చుట్టి అటక మీద పెట్టింది. చలి మొదలయ్యాక, సాయంత్రం అయిదు దాటాకే రెజిన్ డబ్బా మూత తీస్తాను.