వార్‌క్రాఫ్ట్ 3: ఏళ్ల తరబడి ఆడాక తేలిన లెక్కలు

వార్‌క్రాఫ్ట్ 3 అనే కంప్యూటర్ యుద్ధ గేముకి కొత్తగా వచ్చినవాళ్లు ఓడిపోయే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. వేరే స్ట్రాటజీ గేముల అలవాటు కొద్దీ బేస్ చుట్టూ టవర్లు కట్టుకుని, సైన్యం పోగేసి, ఇరవయ్యో నిమిషంలో దండెత్తుదామని కూర్చుంటారు. అంతకు చాలా ముందే అవతలివాడి హీరో (సైన్యాన్ని నడిపే ప్రధాన యోధుడు) ఐదో లెవెల్లో, చేతినిండా ఐటెమ్‌లతో గుమ్మంలోకి వచ్చేస్తాడు. ఈ గేములో సైన్యం ఎంత ఉందన్నది సగం లెక్కే. మిగతా సగం హీరో దగ్గర ఉంటుంది.

2002లో 'రీన్ ఆఫ్ కేయాస్' వచ్చింది, 2003లో దాని విస్తరణ 'ఫ్రోజెన్ థ్రోన్' వచ్చింది. ఇక్కడి అంకెలన్నీ రెండోదానివి. ప్యాచ్‌ను బట్టి అక్కడక్కడా కొద్దిగా మారాయి కానీ లెక్క నడిచే తీరు మాత్రం మారలేదు.

హీరోకి పది లెవెల్స్, ఆరు ఐటెమ్ గళ్లు, నాలుగు విద్యలు. చివరి విద్య ఆరో లెవెల్లోగానీ రాదు. రెండో లెవెల్‌కి 200 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) కావాలి, మూడుకి 500, నాలుగుకి 900, ఐదుకి 1400. అది ఎక్కణ్ణించి వస్తుందో చూడండి. ఒక పెజెంట్ (హ్యూమన్స్ జాతి కూలీ) చస్తే శత్రువు హీరోకి 25, ఫుట్‌మన్ (వాళ్ల కాలిబంటు) చస్తే 40, గ్రంట్ (ఓర్క్ జాతి సైనికుడు) చస్తే 60. అంటే ఐదుగురు గ్రంట్‌లని పారేసుకుంటే అవతలివాడికి 300 ఎక్స్‌పీ పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు. మొదటి లెవెల్ హీరో రెండోది దాటి మూడోదానికి మూడోవంతు దూరం నడిచేస్తాడు. మీరు పోగొట్టుకున్నది గ్రంట్‌కి 200 చొప్పున వెయ్యి గోల్డ్ మాత్రమే కాదన్నమాట. చాలా స్ట్రాటజీ గేముల్లో సైనికుడి చావు ఇంత ఖరీదు కాదు. ఈ ఒక్క సూత్రం బుర్రకెక్కితే మిగతా గేమంతా దానంతటదే అర్థమవుతుంది.

అందుకే చావు ఖాయమనుకున్న సైనికుణ్ణి మనమే చంపేయాలి. అటాక్ కీ నొక్కి మనవాడి మీదే క్లిక్ చేస్తే, ఆఖరి దెబ్బ మనదైతే, శత్రువుకి ఎక్స్‌పీ సున్నా. వినడానికి దుర్మార్గంలా ఉంటుంది కానీ మంచి ఆటగాళ్లందరూ చేసే పనే. ఇంకా మంచిది, ప్రాణం నాలుగోవంతుకి పడగానే ఆ ఒక్కణ్ణీ వెనక్కి నడిపించడం. కొట్టేవాడు వాడి వెంటపడితే మనకి రెండు మూడు దెబ్బలు ఉచితం, వదిలేస్తే ఒక సైనికుడు మిగిలాడు. ఇది వేళ్లకి అలవాటయ్యేదాకా ఓటములు తప్పవు.

రెండో పగ్గం అప్‌కీప్, అంటే సైన్యం పెరిగేకొద్దీ ఆదాయంలో పడే కోత. మీవాళ్లంతా కలిసి తినే ఫుడ్ 50 దాకా ఉంటే కూలీ తెచ్చిన ప్రతి 10 గోల్డూ మీదే. 51 నుంచి 80 దాకా 7 చేతికొస్తుంది, 80 దాటితే (హై అప్‌కీప్) 4. గనిలోంచి మాత్రం ప్రతిసారీ పదికి పది తరిగిపోతుంది. 12,500 ఉన్న గనిని మొత్తం హై అప్‌కీప్‌లో తవ్వితే మిగిలేది 5,000. కొత్తవాళ్లు గమనించని నష్టం ఇదే. పాతవాళ్లు 50 దగ్గరే ఆగి, ఆ డబ్బుతో అప్‌గ్రేడ్లు, ఐటెమ్‌లు కొంటారు. తేల్చుకోవాల్సిన యుద్ధానికి కొంచెం ముందు మాత్రమే ఒక్కసారిగా 80కి దూకుతారు. 54 దగ్గర పది నిమిషాలు నిలబడిపోవడమంత దండగ ఇంకోటి లేదు. నాలుగు ఫుడ్ కోసం ఆదాయంలో 30 శాతం వదులుకుంటున్నట్టు.

హ్యూమన్స్ మొదటి నిమిషం ఎంత బిగుతుగా ఉంటుందో చూస్తే గేము తయారుచేసినవాళ్ల శ్రద్ధ తెలుస్తుంది. మొదట్లో చేతిలో 500 గోల్డ్, 150 కలప, ఐదుగురు పెజెంట్లు. ఆల్టర్‌కి (హీరో తయారయ్యే భవనం) 180 గోల్డ్, 50 కలప. బారక్స్‌కి (సైనికులు తయారయ్యేది) 160, 60. ఫార్మ్‌కి (ఫుడ్ పరిమితి పెంచేది) 80, 20. కొత్త పెజెంట్‌కి 75. మొత్తం 495 గోల్డ్, 130 కలప. మిగిలేది 5 గోల్డ్, 20 కలప! మొదటి హీరోకి డబ్బు అడగరు, అయిదు ఫుడ్ మాత్రం తింటాడు. మొదట్నుంచీ ఉండే ప్రధాన భవనం టౌన్ హాల్ ఇచ్చేది 12. కాబట్టి ఫార్మ్ కాస్త ఆలస్యమైతే కొత్త పెజెంట్లూ హీరో ఒకరి దారికొకరు అడ్డం పడతారు. గనిలో ఐదుగురికి మించి పెట్టినా ఉపయోగం లేదు. ఆరోవాడు గని బయట వరసలో నిలబడతాడు. వాణ్ణి కలపకి పంపండి.

హీరో బయటికి రాగానే క్రీప్స్ (మ్యాప్‌లో అక్కడక్కడా ఉండే, ఎవరి పక్షమూ కాని గుంపులు) మీదికి వెళ్లాలి. మ్యాప్‌లో ఆకుపచ్చ చుక్క అంటే తేలిక గుంపు, నారింజ మధ్యస్థం, ఎరుపు దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు. ఆర్చ్‌మేజ్‌తో (హ్యూమన్స్ మంత్రగాడు హీరో) మొదలుపెడితే మొదటి విద్యగా వాటర్ ఎలిమెంటల్ (నీటి జీవిని పిలిచే మంత్రం) తీసుకోండి. 125 మానాకి (మంత్రశక్తికి) 60 సెకన్ల పాటు నిలబడుతుంది, దెబ్బలన్నీ అదే తింటుంది. అది చచ్చినా శత్రువుకి సగం ఎక్స్‌పీయే. పక్కన మిలీషియాని (కాసేపు ఆయుధం పట్టిన పెజెంట్లని) కూడా తీసుకెళ్తే నారింజ గుంపు కూడా త్వరగా ఖాళీ అవుతుంది. ఇక్కడ పప్పులో కాలేసేది ఎక్కడంటే, మిలీషియాకి ఉండేది 45 సెకన్లే, ఆ గడియారం టౌన్ హాల్ దగ్గరే మొదలవుతుంది. గుంపు దూరంగా ఉంటే సగం నడకకే పోతుంది. సరిగ్గా యుద్ధం మధ్యలో వాళ్లు మళ్లీ పెజెంట్లయిపోతారు. అప్పుడే శత్రువు హీరో తగిలాడా, తలకి 25 చొప్పున ఏరుకుంటాడు.

క్రీప్స్‌తోనే పదో లెవెల్‌కి పోదామంటే కుదరదు. మొదటి లెవెల్లో వాటి ఎక్స్‌పీలో 80 శాతం ఇస్తారు, రెండులో 70, మూడులో 60, నాలుగులో 50, ఐదు నుంచి సున్నా. ఆపైన ఎదగాలంటే ఎదుటివాణ్ణి కొట్టాల్సిందే. ఐదో లెవెల్ హీరో చస్తే 300 ఇస్తాడు. ఆట తనంతట తానే ఇద్దర్నీ ఒకరి మీదికి ఒకర్ని తోస్తుంది.

నచ్చనిది ఐటెమ్‌లలో అదృష్టం. ఒకే రకం గుంపుని ఇద్దరూ చంపితే ఒకడికి పనికొచ్చేది, ఇంకొకడికి అమ్ముకోవాల్సింది పడొచ్చు. కథ ఆడేటప్పుడు సరదాయే. పోటీలో మాత్రం ఒళ్లు మండుతుంది.

దెబ్బ రకం, కవచం రకం పట్టిక చూడకుండా సైన్యం తయారుచేయొద్దు. మ్యాజిక్ దెబ్బ హెవీ కవచం మీద 200 శాతం, పియర్సింగ్ దెబ్బ లైట్ కవచం మీద 200 శాతం. గ్రిఫన్‌లు, వైవర్న్‌లు లాంటి ఎగిరేవి లైట్‌లోకే వస్తాయి కాబట్టి వాటికి రైఫిల్‌మన్‌లు, హెడ్‌హంటర్‌లు మందు. అదే రైఫిల్‌మన్‌లతో భవనాలు కూలుద్దామంటే వాటి ఫోర్టిఫైడ్ కవచం మీద 35 శాతమే. అందరూ కలిసి ఒక టవర్‌ని నిమిషాలకొద్దీ గోకుతుంటే చూసేవాళ్లకి నవ్వొస్తుంది. దానికి సీజ్ బండ్లు కావాలి, వాటికి 150 శాతం.

నాలుగు జాతుల్లో ఓర్క్ నేర్చుకోవడానికి సులువు, దెబ్బకి ఓర్చుకుంటుంది. అన్‌డెడ్‌ది డెత్ నైట్ అనే హీరో కాయిల్ మంత్రం మీద నడిచే ఆట: మనవాడైన అన్‌డెడ్‌కి మొదటి స్థాయిలో 200 ప్రాణం పోస్తుంది, బతికున్న శత్రువుకి 100 దెబ్బ. నైట్ ఎల్ఫ్‌లకి మూన్‌వెల్‌లు (ప్రాణం, మానా నింపే బావులు) రాత్రే నిండుతాయి, అందుకని పగలు మొదలవుతుండగా వాటిని ఖాళీ చేసుకుంటే ఇక ఎనిమిది నిమిషాల చక్రంలో సగం ఎదురుచూపే. హ్యూమన్స్‌కి చేతి పని ఎక్కువ.

కథ భాగం ఇప్పటికీ వన్నె తగ్గలేదు. యువరాజు ఆర్థస్ పతనం చెప్పిన హ్యూమన్ అంకం అన్నిటికన్నా మేలు. అందులో స్ట్రాత్‌హోమ్ అనే ఊరి దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. మాల్‌గానిస్ అనే రాక్షసుడి కన్నా ముందు తెగులు సోకిన ఊరివాళ్లు 100 మందిని లెక్కలో వేసుకోవాలి కదా అని ఇళ్లు పగలగొడుతూ పోతారు, వాడు ముందే పూర్తిచేస్తాడు. ఇళ్లు వదిలి సైన్యాన్నంతా వాడి మీదికే తీసుకెళ్లండి. చచ్చినా కాసేపటికి మళ్లీ వస్తాడు, కానీ ఆ కాసేపూ లెక్క మీ ఒక్కరిదే పెరుగుతుంది. ఒక జాగ్రత్త: ఒక మిషన్‌నుంచి ఇంకోదానికి హీరో ఒంటిమీదున్న ఐటెమ్‌లే వస్తాయి. గళ్లు నిండాయని కింద పెట్టినవి అక్కడే పోతాయి.

'ఫ్రోజెన్ థ్రోన్'లో రెక్సార్ అనే వేటగాడి కథ ఇంకో రకం. బేస్ లేదు, కూలీలు లేరు. ఊళ్లు, దుకాణాలు, చిన్నచిన్న పనులు, పక్కన ఎలుగుబంటి మీషా. రోల్‌ప్లే వైపే మొగ్గున్నవాళ్లు దీన్నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

విసుగు తెప్పించేవీ ఉన్నాయి. ఒకేసారి 12 మందిని మించి ఎంచుకోలేం. ఇరుకు దారిలో పెద్ద శరీరాలు ఒకదానికొకటి అడ్డం పడి, ముందున్న ముగ్గురు కొట్లాడుతుంటే వెనక తొమ్మిదిమంది అటూ ఇటూ తిరుగుతుంటారు. అలాంటిచోట ఆగి కొట్లాడకండి, బయలు చోటికి వెనక్కి లాగండి. కంప్యూటర్ ప్రత్యర్థి 'ఇన్‌సేన్' స్థాయిలో తెలివితో కాదు, దొంగ ఆదాయంతో గెలుస్తుంది. అభ్యాసానికి దానికన్నా ఒక మెట్టు కిందిదే నయం.

ఇక ఇదే గేముకి కొత్త రూపంగా 2020 జనవరిలో వచ్చిన 'రీఫోర్జ్డ్' సంగతి. విడుదలనాటికి ర్యాంకింగ్ పట్టిక లేదు, క్లాన్‌లు (ఆటగాళ్ల జట్లు) లేవు. పాత ఆట ఉన్నవాళ్లకీ కొత్త వెర్షనే దిగింది, అందరూ తిట్టిపోశారు. తర్వాత చాలా వరకు సర్దుకుంది. కొత్త బొమ్మలు దగ్గర్నుంచి బాగుంటాయి గానీ, పన్నెండుమంది కలబడినప్పుడు ఎవడు ఎవడో కంటికి ఆనదు. సెట్టింగుల్లో పాత గ్రాఫిక్స్ పెట్టేసుకోండి. ప్రాణం గీతలు ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోండి. హీరోలకి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3, ఖాళీగా నిలబడ్డ కూలీకి ఎఫ్8. ఈ చివరిదాన్ని ప్రతి అర నిమిషానికీ ఒకసారి నొక్కుతూ ఉండండి.