ఓబీడీ డాంగిల్‌తో నాలుగేళ్లు: సింహాచలం కొండ మీద తేలిన లెక్క

ఓబీడీ డాంగిల్ అంటే కారు సాకెట్‌లో గుచ్చితే ఇంజన్ లోపాల కోడ్లను ఫోన్‌లో చూపించే చిన్న డబ్బీ. దాన్ని ఎక్కడ గుచ్చాలి, ఏ యాప్ వేసుకోవాలి లాంటివి చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. వాటి జోలికి పోను. నాలుగేళ్లుగా నా కారు గ్లవ్‌బాక్స్‌లో పడి ఉన్న ఈ అగ్గిపెట్టెంత వస్తువు నాకు చేసిన మేలు ఒక్కటే. షెడ్డుకు వెళ్లే ముందే కోడ్ నంబరు నా చేతిలో ఉంటుంది. ఆ ఒక్కదాని మీద నాకు ఇంత ప్రేమ ఎందుకో చెప్పాలంటే అరకు రోడ్డు నుంచి మొదలుపెట్టాలి.

అసలు కొన్నది కసితో. 2021 వేసవిలో ఏసీ చల్లగా రావడం లేదని ఒక షాపులో కారు ఇస్తే, కంప్రెసర్ పోయిందని 18 వేలు బిల్లు వేశారు. పాతది చూపించమంటే ‘స్క్రాప్‌లోకి వెళ్లిపోయింది సార్’ అన్నారు. పొద్దున ఇచ్చిన కారు, సాయంత్రానికే స్క్రాప్! ఆ రాత్రి నిద్ర పట్టక 850 రూపాయలు పెట్టి డాంగిల్ ఆర్డర్ చేశాను. మొదట వచ్చింది ఫోన్‌తో కలవనే లేదు, వెనక్కి పంపేశాను. రెండోది కలిసింది. అయితే ఏసీ కంప్రెసర్ బాగుందో లేదో ఈ చవక డాంగిల్‌ తేల్చలేదని ఆ తర్వాత తెలిసింది. ఏ బాధతో కొన్నానో ఆ బాధకు అది మందే కాదు. గ్లవ్‌బాక్స్‌లో పడేసి మర్చిపోయాను.

2022 జనవరిలో అరకు బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మ, పాప. ఎస్.కోటలో టిఫిన్లు చేసి, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుంటే కారు కుదుపులు మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోదు, దగ్గినట్టు ఊగుతుంది. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు టపటపా కొట్టుకుంటోంది. ఆ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా చూపించుకోవచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండటం లేదని, ఆ మండని పెట్రోలు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తినేస్తుందని అర్థం. అది నాకు తెలుసు కాబట్టి పక్కకు తీసి ఆపేశాను. వెనక సీట్లో అమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటోంది. ఆ టెన్షన్‌లో డాంగిల్ నాకు గుర్తుకే రాలేదు. కారు తిప్పుకుని, కొండ దిగి, కాలు పెద్దగా నొక్కకుండా ఇంటికి చేరాం. పల్లంలో మామూలుగానే నడిచింది.

మర్నాడు హైవే పక్కన ఉన్న ఒక మల్టీబ్రాండ్ షాపుకి తీసుకెళ్లాను. అద్దాల గది, ఏసీ, కాఫీ మెషిన్. కుర్రాడు టై కట్టుకున్నాడు. గంట తర్వాత వచ్చి ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మేవి) నాలుగు, ఫ్యూయల్ పంప్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజన్ ఫ్లష్, లేబరు. మొత్తం 31,400.

“స్కాన్ చేశారా?”

“చేశాం సార్. ఫ్యూయల్ సిస్టమ్ ఫాల్ట్ వస్తోంది.”

“కోడ్ నంబరు ఏం వచ్చింది?”

“అది లోపల కంప్యూటర్లో ఉంటుంది సార్. ఇలాగే తిప్పితే ఇంజన్ బోరుకొచ్చేస్తుంది, మీ ఇష్టం.”

ఇంజన్ బోరు, అంటే ఇంజన్ మొత్తం విప్పి చేసే పెద్ద రిపేరు అనే మాట వింటే ఎవరికైనా జేబులోకి చెయ్యి పోతుంది. నాకూ పోయింది. కారులో పేపర్లు తీసుకోవాలని చెప్పి బయటికొచ్చాను. ఇన్సూరెన్స్ కాగితాల కోసం గ్లవ్‌బాక్స్ తీస్తే వాటి కింద ఈ డబ్బీ. స్టీరింగ్ కింద తడుముకుంటూ గుచ్చి, తాళం తిప్పి, ఫోన్ కలిపాను. ఒకే ఒక్క కోడ్ ఉంది: పీ 0302. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఆ లోపం వచ్చిన క్షణాన బండి ఎలా ఉందో కూడా కారు కంప్యూటర్ రాసిపెట్టుకుంది. వేగం 38, ఆర్‌పీఎం 2,900 చిల్లర, లోడ్ తొంభై శాతం పైన. బొడ్డవర దాటాక ఎక్కిన ఆ మలుపు కళ్లముందు కనబడింది.

లోపలికెళ్లి “రెండో సిలిండర్ ఒక్కటే మిస్సవుతుంటే నాలుగు ఇంజెక్టర్లూ ఎందుకు మార్చాలి?” అని అడిగాను. గొంతు పెంచలేదు. కుర్రాడు నా ఫోన్ వంక, నా వంక చూసి, “మేనేజర్‌ని పిలుస్తాను సార్” అన్నాడు. వచ్చిన మేనేజర్ ముందు కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు పంపేది) చూద్దామని, అప్పుడు ఏడెనిమిది వేలలో అయిపోవచ్చని అన్నాడు. పది నిమిషాల్లో 31 వేలు ఎనిమిది వేలకు దిగింది! ఆ దిగడం చూశాకే నాకు ఒళ్లు మండింది. చెకింగ్ చార్జీ కింద 500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590 కట్టి కారు తెచ్చేసుకున్నాను. కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టమని మా ఆవిడ అంది. అయిదు లక్షల లోపు కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. కానీ 590 రూపాయల కోసం సెలవులు పెట్టుకుని తిరిగే ఓపిక నాకు లేకపోయింది.

ఆదివారం విశాఖ మురళీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఇంజన్ పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తాను. నా కారులో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్. కాయిల్ ఊడదీయడానికి ఒక కనెక్టర్ క్లిప్పు, ఒక పది నంబరు బోల్టు, అంతే. రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడోదాని మీద, మూడోది రెండోదాని మీద పెట్టాను. ప్లగ్గులు ముట్టుకోలేదు. కోడ్ చెరిపేశాను. లోపం కాయిల్‌లో ఉంటే అది కాయిల్‌తో పాటు మూడో సిలిండర్‌కు వెళ్లాలి. ప్లగ్గులోనో ఇంజెక్టర్‌లోనో ఉంటే రెండులోనే ఉండిపోవాలి. ఇంత తేలిక పరీక్ష ఆ అద్దాల గదిలో ఎవరికీ తెలియదంటే నేను నమ్మను.

చదునుగా తిప్పితే లోపం బయటపడదు. ఇంజన్ మీద బరువు పడ్డప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. నీరసించిన కాయిల్ చేతులెత్తేసేది అక్కడే. కాబట్టి ఘాట్ కావాలి. మాకు దగ్గర్లో ఉన్న ఘాట్ సింహాచలం కొండ. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చాను. అప్పుడు దానికి పదేళ్లు. సగం కొండ ఎక్కామో లేదో కుదుపు మొదలైంది, లైటు కొట్టుకుంది. పక్కకు ఆపాను.

“ఏమొచ్చింది చూడమ్మా?”

“సున్నా, మూడు, సున్నా... నాన్నా, మూడు! మూడు అయిపోయింది!”

కారు పాడైందని అంత ఆనందపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అంత దూరం వెళ్లాం కదా అని నెమ్మదిగా పైకెళ్లి దర్శనం కూడా చేసుకొచ్చాం. కారు బాగైంది అప్పన్న దయవల్లేనని అమ్మ ఇప్పటికీ అంటుంది.

సోమవారం గాజువాక ఆటోనగర్‌లో ఒరిజినల్ కాయిల్ 2,150, ప్లగ్గుల సెట్టు 640. బిగించినందుకు షెడ్డు మేస్త్రి 200 తీసుకున్నాడు. మొత్తం మూడు వేలు కూడా కాలేదు. ఆ కాయిల్ మీదే మొన్న దసరాకు కూడా అరకు వెళ్లొచ్చాం.

ఇక్కడితో ఆపేస్తే ఇది డాంగిల్ భజన అయిపోతుంది. ఆ తర్వాత ఏడాది నాకు తల పొగరెక్కిన సంగతి కూడా చెప్పాలి. 2023లో మళ్లీ లైటు వెలిగింది. ఈసారి పీ 0171, అంటే ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా, పెట్రోలు తక్కువగా పోతోందని. అదే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంజన్ శబ్దం కాసేపు విని, “ఎక్కడో గాలి పీలుస్తంది బాబూ, రేపు తీసుకురండి, నిదానంగా చూస్తాను” అన్నాడు. నేను వినలేదు. ఫోన్ ఆయన మొహం ముందు పెట్టి, ఇది ఆక్సిజన్ సెన్సార్ అని, నేను చదివానని చెప్పాను. నిజానికి చదివింది నాలుగు లైన్లు. 3,900 పెట్టి సెన్సార్ తెచ్చి వేయించాను. ఆయన మారు మాట్లాడకుండా వేశాడు. మూడో రోజుకు మళ్లీ అదే కోడ్.

అప్పుడు ఆయన రెండడుగుల రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. రెండో కొస ఇంజన్ చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ పోయాడు. ఇంజన్‌కు గాలి పంచే మానిఫోల్డ్ వెనకాల చెయ్యి ఆగింది. “ఇదిగో, ఇనండి” అని పైపు నా చెవికిచ్చాడు. సన్నగా ఈల. వేలెడంత వ్యాక్యూమ్ గొట్టం, దాని మీద ఎలుక పంటి గాట్లు. మా సెల్లార్ ఎలుకల పని. గొట్టం ఖరీదు 180.

“సెన్సారేం చేస్తాది బాబూ? గాలెక్కువొస్తందని అరిసింది. అరిసినోడినే మార్చీసారు.”

నవ్వలేదు ఆయన. నవ్వినా బాగుండేది. 31 వేలడిగిన షాపును ఇప్పటికీ తిట్టుకుంటాను కానీ, కోడ్ చూసి పనికిరాని వస్తువు మార్పించడంలో ఆ రోజు వాళ్లకూ నాకూ తేడా ఎంతో నాకే తెలియలేదు. వాళ్లు నా డబ్బుతో చేయబోయారు, నేనూ నా డబ్బుతోనే చేశాను.

ఇంకా కొన్ని చికాకులున్నాయి. డాంగిల్ సాకెట్‌కు తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. సంక్రాంతికి డబ్బీ తీయకుండా కారు సెల్లార్‌లో వదిలేసి రైల్లో ఊరెళ్లాం. పదకొండు రోజుల తర్వాత వచ్చి తాళం తిప్పితే చిన్న టిక్కుమన్న శబ్దం, అంతే. అసలే నీరసంగా ఉన్న బ్యాటరీ. పక్క ఫ్లాటాయన జంపర్ కేబుళ్లు పెట్టి లేపాడు. అప్పటి నుంచి పని అవగానే పీకేస్తాను. మరొకటి, షాపుకు వెళ్లే ముందు కోడ్ చెరిపేయకండి. చెరిపితే ఆ వేగం, ఆర్‌పీఎం లెక్కలన్నీ పోతాయి, మెకానిక్‌కు పనికొచ్చేవి అవే. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుంటే చాలు.

అన్నిటికంటే పెద్ద లోటు ఇంకోటి. మన డబ్బు ఎక్కువగా పోయే చోట ఈ డబ్బీ నోరు విప్పదు. బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, క్లచ్ ప్లేటు, వీటిలో ఏది అరిగిందో దానికి తెలియదు. చవక రకాలకు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు కూడా అందవు. నిరుడు వేరే చోట లింక్ రాడ్లు, బుష్‌లు మార్చాలని 9,200 అడిగితే డాంగిల్ జేబులో ఉండి కూడా బిక్కమొహం వేశాను. అక్కడ పనికొచ్చింది పాత పద్ధతే. పని మొదలుపెట్టక ముందే ‘తీసిన పాత సామాను కారు డిక్కీలో పెట్టాలి’ అని జాబ్ కార్డు మీద రాయించాను. రాయించాక నాలుగు బుష్‌లు రెండయ్యాయి. ఎలా అయ్యాయో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

పెదవాల్తేరులో ఉండే మా ఫ్రెండుకు మాత్రం ఈ డబ్బీ ఒకసారి బాగా పనికొచ్చింది. కారు సరిగ్గా స్టార్ట్ కావడం లేదు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందని ఒకరు చెప్పారు. ఇంజన్ నడుస్తుండగా చూస్తే 14.1 వోల్టులు వస్తున్నాయి, అంటే చార్జింగ్ బాగానే ఉంది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ టెర్మినళ్ల మీద పచ్చగా పాకుడులా ఉప్పు పేరుకుని ఉంది. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇది మామూలే. వేడినీళ్లు పోసి గీకి బిగిస్తే సరిపోయింది.

కొనమంటారా అంటే, నా సంగతి చెప్తాను, మీరే చూసుకోండి. నాది 2016 పెట్రోలు కారు, వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఆదివారాలు ఖాళీ. కోడ్ చూపిస్తే విసుక్కోకుండా చెవికి పైపు పెట్టుకునే మేస్త్రి ఒకాయన ఆటోనగర్‌లో దొరికాడు. ఇవన్నీ లేకపోతే 850 రూపాయలకు ఇంత విలువ ఉండేదని అనుకోను. కారు వారంటీలో ఉంటే కోడ్ చదువుకోండి కానీ పానా పట్టకండి. మా బావమరిది 2009 కారుకు పెట్టి చూస్తే అసలు కనెక్టే కాలేదు, కాబట్టి పాత బండ్ల వాళ్లు ఎవరిదైనా అడిగి గుచ్చి చూశాకే కొనుక్కోండి.

ఇప్పుడు ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. నేను షెడ్డుకెళ్తే మేస్త్రి ముందు అడిగేది “ఆ డబ్బీ తెచ్చారా బాబూ?” అనే. వేరేవాళ్ల కార్లకు పెట్టి చూసి ఇస్తానంటాడు. పోయినసారి తీసుకున్నది పన్నెండు రోజులైనా తిరిగి రాలేదు. అడగడానికి మొహమాటం. నిన్న రెండోది ఆర్డర్ పెట్టాను.